మిషన్ ముందట నమ్మేటోళ్లనే నిలబెడ్తరు

మొన్న మా గల్లీ పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, "భాగ్యక్కా, వార్పింగ్ కారఖానల పని ఎట్లుంటది, మేం పోదామనుకుంటున్నం" అని అడిగిండ్రు. చాయ పోసి కూసోవెట్టి చెప్పుడు మొదలువెట్టిన. చాయ సల్లారింది గాని నా మాట ఒడ్వలే. ఆఖరికి వాళ్ల అమ్మ వచ్చి పిలుచుకపోయింది. చూస్తే ఏముంది, అడ్డమైన ముచ్చట్లన్నీ చెప్పిన, చెప్పాల్సింది మాత్రం చెప్పనే లేదు. అందుకే రాస్తున్న. రాస్తే నడుమల ఎవరూ లేచిపోరు.

నేను సోలాపూర్ మునిసిపాలిటీ తెలుగు బడిల ఏడో తరగతి దాంక చదివిన. పని ఇడిసిపెట్టిననాటికి నాకు ముప్పై కూడ నిండలే. నేను రిటైర్ అయిన అంటే మా ఆయన నవ్వుతడు, పింఛను ఏదే అని అడుగుతడు. ఎవరు ఎప్పుడు ఏ మిషన్ మీదికి మారిండ్రు, ఎవరికి బోనస్ ఎక్కువొచ్చింది, అదంత నాకు యాదికి లేదు. మనుషుల గుణాలు యాదికున్నయి. మిషన్ అందరికీ ఒక్కటే. దాన్ని చూసే తీరు మాత్రం మనిషికొక తీరు.

ముందుగాల్నే చెప్తున్న, ఇది రేణుక కుడి చెయ్యి ముచ్చట. మంచిగ ఒడుస్తదని ఆశవెట్టుకోని చదవకుండ్రి.

రాడ్

మా కారఖాన జోడ్‌భావి పేట్‌ల ఉండె. టువాళ్లకు, చద్దర్లకు పడుగు చుట్టుడు మా పని. ఎనుక దిక్కు నూలు కోన్లు వరుసగ నిలబెడ్తరు. వాటి పోగులన్నీ దువ్వెన పండ్ల నడుమకెళ్లి వచ్చి ఒక పెద్ద బీముకు చుట్టుకుంటయి. ఆ బీము తిరిగే డ్రమ్ము మీద ఆనుకోని ఉంటది. పోగు తెగితే దాని కొస ఎతికి పట్టుకోని ముడెయ్యాలె. గంతే పని. కాని ఆ డ్రమ్ముకు బీముకు నడుమ సందు ఉంటది చూడుండ్రి, అది నోరు. ఏది దొరికితే అది లోపటికి గుంజుకుంటది.

పాత మిషన్ కాడ అందరికి భయముండె. పోగు తెగితే ఒకామె గోడకాడికి ఉరికి మెయిన్ స్విచ్ బంద్ చెయ్యాలె, డ్రమ్ము పూరా నిలవడాలె, అప్పుడే రెండో ఆమె చెయ్యి పెట్టాలె. ఇద్దరి నడుమ కొట్లాటలు, తిట్లు. "నిలవడ్డదా?" "ఇంక నిలవడలే, ఆగు." పొద్దందాక ఇదే మాట. కాని ఒక్కరి వేలికి గీత కూడ పడలే.

తర్వాత మాలక్ కొత్త మిషన్ తెచ్చిండు. కొత్తదంటే మాకు కొత్తది, సూరత్ దిక్కు ఎవరో వాడి అమ్మేసింది. దానికి ముందట మన బొడ్డు ఎత్తుల, ఈ కొసకెళ్లి ఆ కొస దాంక ఒక ఇనుప రాడ్ ఉండె. రెండు కొసలల్ల ఇనుప చెవులుంటయి, రాడ్ వాటిల్ల కూసుంటది. ఒత్తితే జరంత లోపటికి జరుగుతది, ఖట్‌మంటది, డ్రమ్ము అక్కడికక్కడ నిలవడుతది. డ్రమ్ము దిక్కు ఎవరు ఒంగినా చెయ్యి కంటె ముందు కడుపే రాడ్‌కు తాకుతది. ఇగ గోడకాడికి ఉరికే పని లేదు, ఒకల్లనొకల్లు పిలిచే పని లేదు. ఒంగుడు, అది ఆగుడు, ముడెయ్యుడు, ఎనుకకు జరిగి బటన్ ఒత్తుడు.

అప్పుడు నాకు కడుపుల మా పెద్దోడు ఉండె. ఏడో నెల వచ్చేటాలకు నేను ఒంగకున్నా రాడ్‌కు కడుపు తాకుతుండె. ఊకె నిలవడ్తే చాలు, ఖట్. మిషన్ బంద్. ఆడోళ్లందరు నవ్వుడు, "నీ కొడుకు పుట్టకముందే హర్తాళ్ చేస్తుండు" అని. మాలక్‌కు నవ్వు రాలే. నన్ను కండెలు చుట్టే దిక్కు పంపిండు. పురుడయినంక మళ్ల వచ్చేటాలకు నా జాగల రేణుక అని కొత్త పిల్ల ఉన్నది, నన్ను ఆమె పక్కపొంటి నిలవెట్టిండు.

మాలక్, మల్లేశం

మా మాలక్ పుణెల చదువుకోని వచ్చిన పిలగాడు. తండ్రి పోయినంక కారఖాన చేతుల తీసుకున్నడు. మనుషులనంటె ఆయనకు నమ్మకం లేదు. పనోళ్లు నూలు దాసుకపోతరని, మిషన్లు బిగించే జాబర్లు గ్రీజు అమ్ముకుంటరని, ఎప్పుడూ అనుమానమే. అసొంటి మనిషి మిషన్‌ను కూడ అనుమానించాలె కద? నేను గట్లనే అనుకున్న. ఉల్టా ఉండె. మనుషుల మీద పోయిన నమ్మకమంత తీసుకపోయి మిషన్ మీద పెట్టిండు. "భాగ్యబాయి, మనిషి అబద్ధం చెప్తడు, మిషన్ చెప్పదు" అంటుండె. అబద్ధం చెప్పెటందుకు దానికి నోరు ఉండాలె కద అని నేను లోపట అనుకుంటుంటి. మీద అనలే, ఎందుకంటె అప్పుడు పని కావాలె.

జాబర్ మల్లేశంది మాది ఒక్క గల్లీనే, వరసకు మామ. చెయ్యి మంచిదే, తల బిరుసు. ఆ మిషన్ తుకుడ తుకుడ వచ్చినప్పుడు బిగించింది ఆయనే. గందుకని దాని మీద ఎవరన్న మాట అంటె తన బిడ్డను అన్నట్టు గుస్స అవుతుండె. రాడ్ జర గట్టిగున్నదే మామా అంటె, "నేను బిగించిన రాడ్‌కు వంక పెట్టేటంత దానివైనవా" అంటుండె. ఆయన మిషన్‌ను నమ్మలేదు, తన చెయ్యిని నమ్మిండు. అది ఇంక ఖరాబ్. మిషన్‌ల తప్పు దొరికితే సరి చెయ్యొచ్చు. తనల తప్పు దొరికితే మనిషి దాస్తడు.

నర్సవ్వ కట్టె

నర్సవ్వ మాకందరికంటె పెద్దది. మొగుడు పోయిండు, కొడుకు ఇంకో పేట్‌ల ఏరువడ్డడు. ఆమె అనుమానం గురించి చెప్పాలంటె ఒక్క దినం చాలదు. డబ్బాల జొన్న భాకరీలు లెక్కవెట్టుకోని తెచ్చుకునేది, తినేటప్పుడు మళ్ల లెక్కవెట్టుకునేది. చాయల పాలు తక్కువైతే చాయవాలా తాగిండనేది. నా కొత్త చెప్పులు చూసి, "ఈ చెప్పులు నీకు ఎవరు కొనిచ్చిండ్రే" అని అందరి ముందట అడిగింది. కొనిచ్చింది మా ఆయనే, అయినా నాకే ఎందుకో సిగ్గయింది. ఆమె పక్కపొంటి నిలవడి పనిచేసుడు అంటె పోలీసు పక్కపొంటి నిలవడ్డట్టే.

ఈమె పొద్దుగాల వచ్చి చీర కొంగు బొడ్ల దోపుకోని, గోడకున్న వెదురు కట్టె తీసుకోని, మిషన్ చాలూ కాంగనే దూరంకెళ్లి ఆ కట్టెతోని రాడ్‌ను పొడుస్తుండె. ఖట్. నిలవడితె "ఊఁ" అని ఒక మాట. తిన్నంక మళ్ల ఒకసారి. కరెంటు పోయి వస్తే మళ్ల. రేణుక నవ్వి, "పెద్దమ్మా, నిన్న ఆగింది కద, ఇయ్యాల ఎందుకు ఆగదు?" అనేది. నర్సవ్వ అనేది, "నిన్న నా కొడుకు కూడ అమ్మా అన్నడే."

నడుమల మిషన్ ఆగితే పోగులు ఒదులై చిక్కువడుతయి, పని ఎనుకవడుతది. అది నిజమే. మాలక్ ఒకసారి చెప్పిండు, రెండుసార్లు చెప్పిండు. నర్సవ్వ ఆయనను కూడ అనుమానించింది, "నీకు నా చెయ్యి కంటె నూలే ఎక్కువ" అన్నది. మూడోసారి ఆయన గట్టిగనే అన్నడు, "ఆటోమేటిక్ అంటె ఏందో ఎరుకేనా నీకు? దాని పని అది చేసుకుంటది. నీ పని నువ్వు చెయ్యి, లేకుంటె ఇంట్ల కూసో." నర్సవ్వ కట్టె గోడకానిచ్చి, డబ్బా తీసుకోని, అందుల గిన్నెలన్నీ ఉన్నయా లేవా చూసుకోని మరీ వెళ్లిపోయింది. మేమందరం హమ్మయ్య అనుకున్నం. అబద్ధమెందుకు, గాలి మంచిగయినట్టే అనిపించింది.

ఒక మనిషి చిరాకు మనిషైతే ఆమె చెప్పేదాంట్ల నిజమున్నా చెవులకెక్కదు. కారఖానల అందరికంటె పెద్ద నష్టం ఇదే.

రేణుక

రేణుకకు పద్దెనిమిదో పందొమ్మిదో. వాళ్ల అమ్మ భవాని పేట్‌ల ఇంట్ల కూసోని బీడీలు చేస్తది. అన్నలు లేరు, తమ్ములు లేరు, ఇద్దరే. చేతి వేళ్లు ఎట్లుండెనంటె, మేము పోగు కొస ఎతుకుతుండంగనే ఆమె ముడేసి తుంచేసేది. ముడి కనవడదు, తడిమితె తగలదు. మాలక్‌కు కూడ ఆమె పని అంటె ఇష్టం. ఆ ఇంటికి ఆ చెయ్యే ఆధారం.

ఆ పిల్లకు నమ్ముడు తప్ప వేరే రాదు. చాయవాలా రేపు చిల్లర ఇస్తనంటె నమ్మేది. మల్లేశం మామ ఉత్తగనే, "రాడ్‌కు నీ మొఖం ఎరుక, నిన్ను చూడంగనే ఆగుతది" అంటె దానికీ నవ్వుకుంటనే సగం నమ్మేది. రాడ్‌ను అన్న అని పిలుస్తుండె. "అన్న ఉన్నడు కదక్కా" అనుకుంట, తిరిగే డ్రమ్ము మీదికి కండ్లు మూసుకోని ఒంగేది. ఒంగుడు, ఆగుడు రెండూ ఒక్కటే అయిపోయినయి ఆమెకు. నాకు అట్ల చేతనయ్యేది కాదు. నాకు నోరు ఎక్కువ, ముచ్చట్ల పడి రాడ్ ఉన్నదన్న సంగతే మర్చిపోతుంటి. పాత అలవాటుతోని గోడ దిక్కు ఉరికి మెయిన్ బంద్ చేసేదాన్ని. నన్ను చూసి నవ్వేది.

నూలి పున్నమి

మన సోలాపూర్ల నూలి పున్నమంటె, అదే రాఖీ పున్నమంటె, మీకు చెప్పే పనిలేదు. మార్కండేయుని రథం, గల్లీలల్ల ముగ్గులు, కొత్త జంధ్యాలు. మగ్గానికి, మిషన్‌కు నూలు కట్టేది కూడ ఎరుకే. నర్సవ్వ వెళ్లిపోయినంక వచ్చిన పున్నమి అది. ఆడోళ్లమందరం పొద్దుగాలనే పోయి మిషన్ కడిగి తుడిచి, పసుపు కుంకుమ పెట్టినం. నూలు పోగులను పసుపుల ముంచినం. ఊకె పసుపు అయితే రాలిపోతది కద, అందుకని మన అలవాటు ప్రకారం జర గంజి కూడ కలిపినం. నేతోళ్లం, గంజి లేకుండ మనకు చెయ్యి ఆడది.

ఎప్పుడూ మిషన్ కాలుకు కట్టేది. ఆ ఏడు రేణుక అన్నది, "కాలుకు కడ్తరా రాఖీ ఎవరన్న? చెయ్యికి కట్టాలె. మనల్ని కాపాడేది ఆ రాడే కద, అదే అన్న చెయ్యి." అందరికీ ముచ్చటయింది. రాడ్ ఇనుప చెవుల్ల కూసునే కాడ, ఈ కొసకు కొందరు, ఆ కొసకు కొందరు కట్టినం. చెవుకు రాడ్‌కు కలిపి చుట్లు చుట్లు. ఎక్కువ చుట్లు రేణుకవే. అన్న లేనామె, ముచ్చట తీర చుట్టింది. మల్లేశం మామ వచ్చి చూసి, దండం పెట్టుకోని పోయిండు. ఆయన మిషన్‌కు రాఖీ కట్టిండ్రంటె తనకు కట్టినట్టే ఖుషి.

పున్నమి నాడు, తెల్లారి కూడ సుట్టీ. పసుపు, గంజి ఎండి నూలు చుట్లు గట్టివడ్డయి. కట్టిన నూలు దానంతటది తెగి పడాలె గాని తెంపొద్దు అని మన పద్ధతి. ఎవరూ తెంపలే.

"ఆగుతలేడక్కా"

సుట్టీ అయిపోయి మిషన్ చాలూ అయింది. వెదురు కట్టె గోడకు అట్లనే ఉన్నది. ఎవరూ ముట్టలే.

బీము చుట్టుడు మొదలైన జరసేపటికే పోగు తెగింది. రేణుక ఒంగింది. నేను పక్కకే ఉన్న, పండుగ ముచ్చటే చెప్తున్న ఆమెకు. ఆమె కడుపు రాడ్‌కు తాకింది. ఖట్ అనలే. చెయ్యి సందు కాడికి పోయింది, కొస పట్టుకున్నది. డ్రమ్ము తిరుగుతనే ఉన్నది.

ఇది మాత్రం మంచిగ ఇనుండ్రి. ఆమె చెయ్యి ఎనుకకు గుంజుకోవచ్చు. ఆ మందం టైము ఉండె. నేను కండ్లార చూసిన. ఆమె గుంజుకోలే. రాడ్‌ను కడుపుతోని ఇంకింత గట్టిగ ఒత్తింది. ఒత్తి, ఆగుతదని చూసింది. నా దిక్కు తిరిగి చిన్నగ, ఏదో చిన్న ఫిర్యాదు చెప్పినట్టు అన్నది, "అన్న ఆగుతలేడక్కా."

నేను ఉరికి మెయిన్ బంద్ చేసిన. బంద్ చేసి తిరిగి చూసేటాలకు ఆమె మొఖం మీద నొప్పి ఇంక రానే లేదు. నేను మాత్రం ఒర్లుతున్న. కుడి చెయ్యి నాలుగు వేళ్లు పోయినయి. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

తప్పు ఎవరిది

ఆమెను దవాఖానకు తీసుకపోయి నేను తిరిగొచ్చేటాలకు రాడ్ మీద నూలు లేదు. మల్లేశం మామ బ్లేడుతోని కోసి తీసిండు, పసుపు మరకలు కిరసనాయిలుతోని తుడిచిండు. మాలక్ ముందట, మా అందరి ముందట రాడ్‌ను ఒత్తి చూపిచ్చిండు. ఖట్. డ్రమ్ము నిలవడ్డది. "చూడుండ్రి, నా మిషన్‌ల ఏ లోపం లేదు" అన్నడు. నిజమే, లోపం లేదు. లోపాన్ని చేతుల బ్లేడు పట్టుకోని తీసేసినంక ఎట్లుంటది.

నేను అన్న, "మామా, నూలు చూసి దండం పెట్టినవు కద, అప్పుడు ఒక్కసారి ఒత్తి చూస్తే నీ చెయ్యి అరిగేదా?"

"మీరు కట్టుడేంది, నన్ను అడుగుడేంది" అన్నడు. ఆ తర్వాత నాతోని మాట్లాడలే.

మాలక్, విచారణకు వచ్చిన పెద్దమనుషులకు, పిల్ల ఘాయి ఘాయిగ, ఆగమాగంగ చెయ్యి పెట్టింది అని చెప్పిండు. ఘాయి కాదు. ఘాయిల ఉన్న మనిషి చెయ్యి గుంజుకుంటది. ఆమె ఓపికతోని నిలవడ్డది. నేను అదే చెప్పిన. వాళ్లల్ల రాసుకునేటాయన నా మొఖం చూసిండు, రాసుకోలే.

నర్సవ్వ దవాఖానకు వచ్చింది. "నేను ముందే చెప్పిన" అని మాత్రం అనలే. పట్టీ కట్టిన చెయ్యిని మస్తుసేపు చూసి నన్ను బయటికి పిలిచింది. "దాని వేలుకు వెండి ఉంగురం ఉండె, ఎవడు తీసిండు?" అన్నది. నాకు నవ్వొచ్చింది, అక్కడనే గోడకానుకోని ఏడ్చిన. ఆ ఉంగురం నిజంగనే ఎప్పుడూ దొరకలే.

నర్సవ్వ మళ్ల పనికి వస్తనని మాలక్‌ను అడిగింది. వద్దన్నడు. రేణుక జాగల ఇంకో పిల్లను పెట్టిండు, నవ్వు మొఖంది, ఏం చెప్పినా ఊఁ అనేది. అప్పుడు నాకు సమజయింది. ఎవరిని మిషన్ ముందట నిలబెట్టాలె అన్నది మాలకులకు ఎవరూ నేర్పియ్యలే, అయినా ఎరుకే. అనుమానపు మనిషి మిషన్‌ను ఆపుతది, మాట అడుగుతది, ముక్కు మీద కోపం. నమ్మే పిల్ల అడగదు. ఆమెతోని పని నడుస్తది. ఇగ దెబ్బ కూడ ఆమెకే తలుగుతది. మీ మంచి గుణాన్ని ఎవరన్న మెచ్చుకుంటె, మెచ్చుకోని ఎక్కడ నిలబెడ్తున్నరో చూసుకోండ్రి.

మళ్లొచ్చిన పున్నమి

రేణుకను మాలక్ తీసేయలే, అది ఆయన పుణ్యమనుకునేటోళ్లు ఉన్నరు. ఖాళీ కోన్లు ఏరి బుట్టల పెట్టే పని ఇచ్చిండు. ఎడమ చెయ్యితోని ఏరేది. బీడీలు చేద్దామన్నా ఆకు మడిచే వేళ్లు లేవు కద. కట్టె నేను పట్టుకున్న. పొద్దుగాల ఒకసారి, తిన్నంక ఒకసారి. మొదట మాలక్ ఏమనలే. తర్వాత తర్వాత మొఖం ముడుసుకునుడు మొదలువెట్టిండు. మిషన్‌కు ఏదీ కట్టొద్దని గోడ మీద పెయింటుతోని రాయించిండు కూడ.

మళ్ల పున్నమి రేపనంగ, రేణుక కోన్ల బుట్ట కింద పెట్టి నా కాడికి వచ్చింది. ఎడమ చేతుల పసుపు నూలు.

"అక్కా, జర ముడెయ్యవా. నాతోని పడుతలేదు. ఒక్కటే చుట్టు, ఒదులుగ."

నాకు మొదట సమజ్ కాలే. మా అందరికంటె జల్ది ముడేసిన పిల్ల అది.

"దేనికే?" అన్న.

"అన్నకు."

"నీ చెయ్యి తిన్నదే అది."

"అది తినలేదక్కా. మనమే కట్టేస్తిమి, పాపం అదేం చేస్తది" అన్నది. ఆమె మొఖంల కోపం ఉంటదేమో అని ఎతికిన. లేదు. నా మీద లేదు, మల్లేశం మీద లేదు, ఎవరి మీదా లేదు.

నాకు మస్తు కోపమొచ్చింది. ఎవరి మీదనో నాకే తెల్వదు. నూలు తీసుకోలే. గోడకున్న కట్టె తీసుకోని, నడుస్తున్న మిషన్ రాడ్‌ను ఉన్న బలమంత పెట్టి పొడిచిన. ఖట్. డ్రమ్ము నిలవడ్డది, పోగులన్నీ ఒదులై కిందికి జారినయి. లోపటికెళ్లి మాలక్ గొంతు వచ్చింది, ఎవరే ఆపింది, పనులు లేవా మీకు అని.

రేణుక మిషన్ దిక్కు చూసి నవ్వింది. "చూస్తివా అక్కా," అన్నది, "నిలవడ్డది కద."

నేను కట్టె గోడకానిచ్చి ఇంటికొచ్చిన. ఆ గేటుల మళ్ల అడుగు పెట్టలే. కట్టె అక్కడనే ఉన్నదో, ఎవరన్న పొయ్యిల పెట్టుకున్నరో ఎరుక లేదు. మీరు పనికి పోతే ముందు దాన్ని ఎతుకుండ్రి. లేకుంటె ఇంట్లకెళ్లి ఒకటి తీసుకపోండ్రి. తిట్టించుకోండ్రి, పేరు ఖరాబ్ చేసుకోండ్రి, కాని పొడవకుండ ఒంగకుండ్రి.